అక్షరాలతో కట్టిన తెర

విశాఖపట్నం రేవులో సముద్రం రోజుకు రెండుసార్లు పొంగి, రెండుసార్లు తగ్గుతుంది. ఒక పోటుకు, దాని తరువాతి పోటుకు మధ్య సగటున 12 గంటల 25 నిమిషాల వ్యవధి ఉంటుంది. కొత్తగా తవ్విన ఈ రేవులోనికి 1933 అక్టోబరు 7వ తేదీన 'జలదుర్గ' అనే ఓడ మొట్టమొదట ప్రవేశించింది. అంతకు ఎంతో పూర్వంనుంచే తీరంలోని జాలరులు ఈ పోటుపాటులను తిథులను బట్టి లెక్కించుకొనేవారు. చంద్రుడు ప్రతిదినం సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా ఉదయిస్తాడు. అందువలన పోటు కూడ మరునాడు దాదాపు అంత ఆలస్యంగానే వస్తుంది.

ఒక ఉన్నత పాఠశాల విద్యార్థి ఈ లెక్కను కంప్యూటరు చేత చేయించి, ఫలితాన్ని తెరమీద చూడగోరినాడనుకొందాం. ఈనాటి పోటు సమయం ఇస్తే రాబోయే పోట్లు వరుసగా కనిపించాలి. బాణపు మీటలు నొక్కితే ముందురోజుకు, వెనుకరోజుకు పోవాలి. ఇందుకు ఖరీదైన యంత్రం అక్కరలేదు. పాఠశాలలో మూలనున్న పాత కంప్యూటరు, అందులో లినక్స్, దానితోపాటే వచ్చే షెల్ ఉంటే చాలు. రంగుల బొమ్మలు, ఎలుకతో నొక్కే గుండీలు లేకుండ కేవలం అక్షరాలనే ఇటుకలుగా పేర్చి కట్టే ఇట్టి తెరకు టెర్మినల్ ఇంటర్‌ఫేస్ అని పేరు.

ఇది ఆటబొమ్మ వ్యవహారం కాదు. 1994లో సికింద్రాబాదులో 'కాన్సర్ట్' అనే రైల్వే రిజర్వేషన్ వ్యవస్థ మొదట అమలులోనికి వచ్చింది. తరువాత అది దేశమంతటికి వ్యాపించింది. కౌంటరు వెనుక కూర్చున్న గుమాస్తా ఎదుట ఉండేది అక్షరాల తెరయే. బండి సంఖ్య, తేదీ, ఎక్కే ఊరు, దిగే ఊరు, ప్రయాణీకుల వయస్సు ఒకదాని వెనుక ఒకటిగా గళ్ళలో నింపేవారు. అలవాటుపడిన గుమాస్తా తెరవైపు చూడకుండనే వేళ్ళ లెక్కతో ఒక గడినుంచి మరొక గడికి పోయేవాడు. అవతల క్యూ పొడవుగా ఉన్నప్పుడు ఆ వేగం ఎంత అవసరమో సెలవులకు ఊరు వెళ్ళేవారికి తెలియనిది కాదు.

టెలిప్రింటరు విడిచిన అలవాట్లు

అక్షరాల తెర ఎట్లా పనిచేస్తుందో తెలియాలంటే కొంచెం వెనుకకు పోవాలి. తంతి కార్యాలయాలలోను, వార్తాపత్రికల కార్యాలయాలలోను టెలిప్రింటర్లు టకటకమని కొట్టుకొంటూ ఉండేవి. మనదేశంలో టెలిగ్రాం సేవ 2013 జూలైలో ముగిసింది. కాని ఆ యంత్రాల అలవాట్లు మాత్రం నేటి కంప్యూటరులో మిగిలిపోయినవి. టెలిప్రింటరుకు పుట అనే భావన లేదు. తీగ వెంబడి ఒక అక్షరం వస్తుంది, దానిని కాగితంపై కొడుతుంది. మరొకటి వస్తుంది, దానిని కొడుతుంది. ఏటి నీటి వలె అక్షరాలన్నీ ఒకే వరుసలో ప్రవహిస్తాయి.

అయితే యంత్రం చేయవలసిన పనులు అక్షరాలు కొట్టడంతో తీరవు. పంక్తి పూర్తికాగానే అచ్చు భాగం ఎడమ అంచుకు తిరిగి రావాలి, కాగితం ఒక పంక్తి పైకి జరగాలి. ముఖ్యమైన వార్త వస్తే గంట మోగాలి. ఈ ఆజ్ఞలు పంపడానికి వేరొక తీగ లేదు. కనుక వీటికి కూడ అక్షరాలతోపాటే సంఖ్యలు కేటాయించారు. 1963లో ప్రకటించిన ఆస్కీ పట్టికలో 0 మొదలు 31 వరకు గల సంఖ్యలు అక్షరాలు కావు, ఆజ్ఞలు. 7 వస్తే గంట కొట్టాలి. 13 వస్తే ఎడమ అంచుకు రావాలి. 10 వస్తే పంక్తి మారాలి. నేటి కంప్యూటరుకు కూడ 7 అనే సంఖ్యను పంపితే చాల యంత్రాలు 'టింగ్' మంటాయి.

అదే సంవత్సరం వచ్చిన టెలిటైప్ 33 అనే యంత్రం సెకనుకు 10 అక్షరాలు కొట్టేది. ఒక తెరలో 24 పంక్తులు, పంక్తికి 80 అక్షరాలు అనుకొంటే మొత్తం 1,920 గళ్ళు. వాటిని ఆ యంత్రం కొట్టడానికి 192 సెకన్లు, అంటే మూడు నిమిషాలకు పైగా పడుతుంది. పైగా కాగితంమీద పడిన అక్షరాన్ని వెనుకకు పోయి మార్చడం సాధ్యంకాదు. కాగితానికి బదులు గాజు తెర వచ్చిన తరువాత ఈ రెండు ఇబ్బందులూ తొలగినవి. 1978లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే అమెరికన్ సంస్థ వీటీ-100 అనే టెర్మినలును విడుదల చేసింది. సెకనుకు 960 అక్షరాలు అందుకొంటే దాని తెర రెండు సెకన్లలో నిండుతుంది. అంతకంటె ముఖ్యమైనది, తెరమీద ఏ గడిలోనైనా, ఎన్నిసార్లయినా రాయవచ్చు, చెరపవచ్చు. పంక్తికి 80 గళ్ళు ఎందుకని అడిగితే, 1928 నాటి ఐబీఎం చిల్లుల కార్డులో 80 నిలువు వరుసలు ఉండేవి. ఆ కొలత అట్లాగే నిలిచిపోయింది.

ఏ గడిలో రాయాలో చెప్పడం ఎట్లా? ఇక్కడ కూడ వేరే తీగ లేదు. ఆస్కీలో 27వ సంఖ్యకు ఎస్కేప్ అని పేరు. అది వచ్చినదంటే, 'వెనుక వచ్చేవి అచ్చు వేయవలసిన అక్షరాలు కావు, ఒక ఆజ్ఞ' అని టెర్మినలు గ్రహిస్తుంది. ఎస్కేప్, దాని వెనుక ఎడమ చదరపు కుండలీకరణం, తరువాత 10;20, చివర ఇంగ్లీషు పెద్దబడి హెచ్ పంపితే కర్సరు 10వ పంక్తిలో 20వ గడికి పోయి నిలుస్తుంది. హెచ్‌కు బదులు చిన్నబడి ఎమ్ పెట్టి, ముందు 31 అని పంపితే అక్షరాలు ఎర్రబడతాయి. 7 పంపితే అక్షరం, నేల తారుమారై వెలుగుతాయి. 0 పంపితే మామూలుకు వస్తాయి. అక్షరాల తెరల రహస్యమంతా దాదాపు ఇంతే. ఈ సంకేతాలకు 1979లో అమెరికా జాతీయ ప్రమాణం ఏర్పడింది. నేడు తెరమీద కిటికీగా తెరుచుకొనే టెర్మినల్ ప్రోగ్రాములన్నీ వీటినే పాటిస్తున్నవి.

ప్రమాణం రాకముందు తయారీదారుల సంఖ్య ఎంతో, సంకేతాల భాషలు కూడ అన్ని. బర్క్‌లీలో బిల్ జాయ్ ఈ భాషలన్నింటికి ఒక నిఘంటువు వంటిదానిని తయారుచేశాడు. దాని పేరు టెర్మ్‌కాప్. దాని తరువాతిది టెర్మ్‌ఇన్ఫో. షెల్ రాసేవారు ఈ నిఘంటువును 'టీపుట్' అనే ఆజ్ఞ ద్వారా సంప్రతించవచ్చు. 'కర్సరును ఫలానా చోటికి పంపు' అంటే, ఎదుటనున్న టెర్మినలు ఏదో చూసి దానికి తగిన సంకేతాన్ని టీపుట్ ఇస్తుంది. ఒక చిన్న తిరకాసు ఉన్నది. ఎస్కేప్ సంకేతంలో పంక్తులు 1నుంచి మొదలవుతాయి. టీపుట్‌లో 0నుంచి మొదలవుతాయి. ఈ రెండింటిని కలిపి వాడేవారి పట్టికలో ఒక పంక్తి తప్పక పక్కకు జరిగి కూర్చుంటుంది.

పెంకు, గింజ

వేరుసెనగ కాయలో గింజ లోపల, పెంకు బయట ఉన్నట్లు, కంప్యూటరును నడిపే మూల ప్రోగ్రాము లోపల ఉండి, మనిషి మాటను దానికి చేరవేసే ప్రోగ్రాము బయట ఉంటుంది. లోపలిదానికి కెర్నెల్, అంటే గింజ, అని పేరు. బయటిది షెల్, అంటే పెంకు. యునిక్స్‌కు కెన్ థామ్సన్ రాసిన షెల్ 1971లోను, స్టీఫెన్ బోర్న్ రాసిన షెల్ 1979లోను వెలువడినవి. బ్రయన్ ఫాక్స్ రాసిన బాష్ 1989లో వచ్చింది. లినక్స్ కంప్యూటర్లలో నేడు ఎక్కువగా కనిపించేది ఇదే. ఒక్కొక్క ఆజ్ఞను టైపు చేయడానికి బదులు వాటిని వరుసగా ఒక ఫైలులో రాసి ఉంచితే అది షెల్ స్క్రిప్టు.

తెరలు కట్టడానికి షెల్ అన్నిటికంటె మంచి సాధనమని ఎవరూ అనరు. సీ భాషలోను, పైథాన్‌లోను ఇందుకు 'కర్సెస్' అనే సిద్ధమైన భాండాగారం ఉన్నది. పెద్ద పనికి అదే తగినది. కాని నేర్చుకొనేవారికి షెల్‌లో ఒక లాభం ఉన్నది. భాండాగారం దాచిపెట్టే మరలు ఇక్కడ బయటికి కనిపిస్తాయి. గడియారం వెనుక మూత తీసి చూచినట్లు ఉంటుంది.

పోటు లెక్క

మొదట తెర సంగతి మరచి లెక్కను సరిచూసుకోవాలి. బాష్‌కు పూర్ణాంకాలే తెలుసును, దశాంశాలు తెలియవు. కనుక గంటలను నిమిషాలుగా మార్చవలసి ఉంటుంది. 12 గంటల 25 నిమిషాలంటే 745 నిమిషాలు. ఉదయం 8 గంటల 20 నిమిషాలకు పోటు వచ్చినదనుకొంటే అది 500వ నిమిషం. 745 కలిపితే 1,245. అంటే రాత్రి 8 గంటల 45 నిమిషాలు. మరొకసారి కలిపితే 1,990. ఇందులోనుంచి ఒక దినానికి గల 1,440 నిమిషాలు తీసివేస్తే 550 మిగులుతుంది. మరునాటి ఉదయం 9 గంటల 10 నిమిషాలన్నమాట. మొదటి పోటుకంటె సరిగా 50 నిమిషాలు ఆలస్యం. జాలరుల అనుభవంతో లెక్క సరిపోయింది.

ఇది సగటు లెక్క అని మరువరాదు. సూర్యుని ఆకర్షణ, తీరపు లోతు, గాలి, ఇవన్నీ కలిసి అసలు సమయాన్ని ముందువెనుకలు చేస్తాయి. ఓడలకు కావలసిన పోటుపట్టికలను ప్రతి సంవత్సరం సర్వే ఆఫ్ ఇండియా ప్రచురిస్తుంది. చక్కగా గీతలు గీసి, రంగులు వేసిన పట్టికలో ఉన్నంతమాత్రాన అంకె నిజం కాదు. విద్యార్థి తన తెర అడుగున 'సుమారు లెక్క' అని ఒక మాట రాసి పెట్టడం మంచిది.

ఈ చిన్న ప్రోగ్రాములో ఒక గుంట దాగి ఉన్నది. సమయాన్ని 07:30 అని ఇస్తే ప్రోగ్రాము బాగా నడుస్తుంది. 06:15 అంటే నడుస్తుంది. 10:40 అన్నా నడుస్తుంది. 08:20 అని ఇవ్వగానే తప్పు చూపి ఆగిపోతుంది! కారణం ఏమంటే, సంఖ్యకు ముందు సున్న ఉంటే దానిని ఎనిమిదేసి లెక్కలో రాసిన సంఖ్యగా షెల్ భావిస్తుంది. ఆ లెక్కలో అంకెలు 0నుంచి 7వరకే. 8, 9 అనే అంకెలే లేవు. నిమిషాలు 08 అయినా, 09 అయినా ఇదే గతి. సంఖ్యకు ముందు 10# అని చేర్చితే 'ఇది పదేసి లెక్క' అని షెల్ తెలుసుకొంటుంది. ఉదయం 7 గంటలకు పరీక్షించి, అంతా సరిగా ఉన్నదని వెళ్ళిన విద్యార్థి, గంట తరువాత తరగతిలో అందరి ఎదుట దానిని చూపబోయి భంగపడడం సంభవమే. ఉపాధ్యాయులు ఈ తప్పును ముందుగా చెప్పక, విద్యార్థులచేతనే కనుగొనేటట్లు చేస్తే ఎనిమిదేసి లెక్క జన్మలో మరువరు.

మీటలు చెప్పే మాట

ఇక తెర. టీపుట్‌ను అడిగి ముందుగా తెరలో ఎన్ని పంక్తులు, ఎన్ని నిలువు గళ్ళు ఉన్నవో తెలుసుకోవాలి. 24, 80 అని ఊహించరాదు. కిటికీని వాడేవారు లాగి పెద్దది చేయవచ్చు, చిన్నది చేయవచ్చు. తెరను తుడిచి, పైన శీర్షిక, నడుమ పోట్ల పట్టిక, అడుగున మీటల సూచన రాయాలి. పోటుకూ పాటుకూ మధ్య సముద్రం ఎక్కడ ఉన్నదో చూపడానికి ఒక పంక్తి పొడవున '#' గుర్తులు పేర్చవచ్చు. 745 నిమిషాలకు 60 గళ్ళు అనుకొంటే, గడచిన నిమిషాలను 60 చేత గుణించి 745 చేత భాగించాలి. ముందుగా భాగిస్తే పూర్ణాంకాల లెక్కలో ఎప్పుడూ సున్నయే వస్తుంది. గుణకారం ముందు, భాగహారం వెనుక.

మీటను నొక్కగానే తెర మారాలంటే మరొక అడ్డంకి ఉన్నది. మామూలుగా టైపు చేసిన అక్షరాలు వెంటనే ప్రోగ్రాముకు అందవు. కెర్నెల్ వాటిని ఒక పంక్తిగా కూర్చుకొని, ఎంటర్ మీట నొక్కేవరకు తనవద్దనే ఉంచుకొంటుంది. తప్పు కొడితే దిద్దుకోవడానికి వీలుగా టెలిప్రింటరు నాటినుంచి వచ్చిన మర్యాద ఇది. అంతేకాక, నొక్కిన ప్రతి అక్షరాన్ని కెర్నెలే తెరమీద తిరిగి చూపుతుంది. దీనికి ప్రతిధ్వని అని పేరు పెట్టారు. పట్టిక నడుమ ఈ ప్రతిధ్వని పడితే తెర పాడవుతుంది. 'ఎస్‌టీటీవై' అనే ఆజ్ఞతో ఈ రెండు మర్యాదలను తాత్కాలికంగా నిలిపివేయవచ్చు. అప్పుడు 'రీడ్' ఆజ్ఞ ఒక్కొక్క అక్షరాన్నే తెచ్చి ఇస్తుంది.

బాణపు మీటల సంగతి ఇంకొంచెం చిత్రమైనది. ఒక్క బాణం నొక్కితే ఒక్క అక్షరం రాదు, మూడు వస్తాయి. ఎస్కేప్, చదరపు కుండలీకరణం, ఆ తరువాత పై బాణమైతే ఏ, కింది బాణమైతే బీ, కుడికి సీ, ఎడమకు డీ. తెరకు పంపే ఆజ్ఞల వేషమే మీటలనుంచి వచ్చే మాటలకు కూడ ఉన్నదన్నమాట. మరి వాడేవారు కేవలం ఎస్కేప్ మీటనే నొక్కితే? ప్రోగ్రాముకు ముందు అందేది రెండు సందర్భాలలోను 27వ సంఖ్యయే. విడదీయడానికి ఉన్న ఉపాయం కాలం ఒక్కటే. ఎస్కేప్ రాగానే సెకనులో ఇరవయ్యో వంతు ఆగి చూడాలి. వెనుక మరి రెండు అక్షరాలు వస్తే బాణం, రాకపోతే వట్టి ఎస్కేప్. నిదానమైన తీగమీద దూరపు కంప్యూటరుతో పనిచేసేటప్పుడు ఈ ఊహ అప్పుడప్పుడు తప్పుతుంది. దీనికి పూర్తి చికిత్స లేదు.

మిగిలినది ఒక చక్రం. తెర గీయడం, మీటకొరకు ఆగడం, ఏ మీటో చూసి రోజు సంఖ్యను మార్చడం, తిరిగి తెర గీయడం. మొదటి ప్రయత్నంలో ప్రతి మీటకు తెర మినుకుమంటుంది. టీపుట్‌ను పిలిచిన ప్రతిసారి కంప్యూటరు ఒక కొత్త ప్రోగ్రామును లేపి, నడిపి, పడుకోబెడుతుంది. ఒక తెరకు 60, 70 సార్లు అట్లా చేస్తే ఆలస్యం కంటికి కనిపిస్తుంది. కావలసిన సంకేతాలను ప్రారంభంలో ఒక్కసారి అడిగి పేర్లలో భద్రపరచుకోవాలి. తెరనంతా తుడవకుండ మారిన పంక్తులను మాత్రమే తిరిగి రాయాలి. రాయవలసినదంతా ఒక చోట కూర్చి ఒకే 'ప్రింట్‌ఎఫ్' ఆజ్ఞతో పంపితే మినుకు దాదాపు పోతుంది.

అద్దె ఇంటిని అప్పగించడం

ప్రోగ్రాముకు టెర్మినలు సొంత ఇల్లు కాదు, అద్దె ఇల్లు. అందులో మేకులు కొట్టినవారు ఖాళీ చేసేటప్పుడు వాటిని పీకి, సున్నం వేసి పోవాలి. నేర్చుకొనేవారు తరుచుగా అశ్రద్ధ చేసేది ఈ విషయమే. ప్రతిధ్వనిని ఆపి, కర్సరును దాచిన తరువాత ప్రోగ్రాము ఏదో తప్పువలన మధ్యలో ఆగిపోయినదనుకొందాం. షెల్ తిరిగి వస్తుంది. కాని ఏమి టైపు చేసినా తెరమీద కనిపించదు. కంప్యూటరు చెడిపోయినదని విద్యార్థి కంగారుపడి స్విచ్చి ఆపివేస్తాడు. నిజానికి చెడినది ఏమీ లేదు. ప్రతిధ్వని లేదు, అంతే. కళ్ళు మూసుకొన్నట్లే 'ఎస్‌టీటీవై సేన్' అని టైపు చేసి ఎంటర్ నొక్కితే మామూలు స్థితి వస్తుంది. ఎంటర్ కూడ పనిచేయకపోతే కంట్రోల్ మీటను, జే మీటను కలిపి నొక్కాలి. అది 10వ సంఖ్యను నేరుగా పంపుతుంది. 'రీసెట్' అనే ఆజ్ఞ ఇంకా సమగ్రమైనది.

ఇట్టి స్థితి రాకుండ చూడడం ప్రోగ్రాము రాసేవారి బాధ్యత. ప్రారంభంలోనే టెర్మినలు ఉన్న స్థితిని ఎస్‌టీటీవై చేత చెప్పించుకొని దాచాలి. ముగింపులో దానినే తిరిగి ఇవ్వాలి. మధ్యలో ఆగినా ఈ పని జరగాలంటే 'ట్రాప్' అనే ఆజ్ఞ కావాలి. 'ఏ కారణంవలన వెళ్ళిపోయినా ముందు ఈ పనులు చేసి వెళ్ళు' అని అది షెల్‌కు అప్పగింత పెడుతుంది. కంట్రోల్, సీ మీటలు కలిపి నొక్కితే వచ్చే 2వ సంకేతం, మర్యాదగా ముగించమనే 15వ సంకేతం, రెండింటికి ట్రాప్ పెట్టాలి. కిటికీ పరిమాణం మారినప్పుడు కూడ ఒక సంకేతం వస్తుంది. దానికి ట్రాప్ పెట్టి తెరను తిరిగి గీయించవచ్చు. 9వ సంకేతం మాత్రం ఎవరి మాటా వినదు. దానితో చంపబడిన ప్రోగ్రాముకు ఇల్లు సర్దే అవకాశమే ఉండదు. కొన్ని షెల్లు అప్పుడు మీటల స్థితిని తామే కొంతవరకు సరిచేస్తాయి. కాని దాచిన కర్సరును వెలికితీయవు.

చాల టెర్మినల్ ప్రోగ్రాములలో రెండవ తెర ఒకటి ఉంటుంది. ప్రారంభంలో దానికి మారి, ముగింపులో మొదటిదానికి తిరిగి వస్తే, అంతకుముందు తెరమీద ఉన్నవన్నీ చెక్కుచెదరకుండ కనిపిస్తాయి.

ఇంత శ్రమ ఎందుకనుకొనేవారికి 'డైలాగ్', 'విప్‌టెయిల్' అనే సిద్ధమైన సాధనాలు ఉన్నవి. ఒక్క పంక్తిలో శీర్షిక, ఎంపికలు రాసి ఇస్తే చట్రం, నీడతో సహా పట్టికను చూపి, మీటలను తామే చూసుకొంటాయి. వీటితో మొదలుపెట్టి, పిదప స్వయంగా గీయడానికి రావడం కూడ మంచి మార్గమే. ఒక్క విషయం మాత్రం కొత్తవారిని తికమకపెడుతుంది. ప్రతి ప్రోగ్రాముకు మూడు కాలువలు ఉంటాయి. 0వ దానిగుండా మాట లోపలికి వస్తుంది, 1వ దానిగుండా ఫలితం, 2వ దానిగుండా తప్పుల వార్తలు బయటికి పోతాయి. డైలాగ్ తన చట్రాన్ని 1వ కాలువలో గీస్తుంది. కనుక వాడేవారు ఎంచుకొన్న జవాబును 2వ కాలువలో పంపుతుంది. తప్పుల కాలువలో సరైన జవాబు రావడం వింతగా కనిపించినా, ఖాళీగా ఉన్నది అదొక్కటే.

తెలుగు అక్షరాలు, సమానమైన గళ్ళు

ఇంతవరకు చెప్పినవన్నీ ఇంగ్లీషు పుస్తకాలలో దొరుకుతాయి. తెలుగులో తెర కట్టబోయేవారికి ఆ పుస్తకాలు చెప్పని చిక్కు ఒకటి ఎదురవుతుంది. ఇందుకు విశాఖ ఉక్కు కర్మాగారంనుంచే ఒక ఉదాహరణ తీసుకోవచ్చు. 1971 జనవరి 20న శంకుస్థాపన జరిగి, 1992 ఆగస్టు 1న జాతికి అంకితమైన ఆ కర్మాగారంలో ఇనుము కరిగించే బ్లాస్ట్ కొలుములకు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని పేర్లు పెట్టారు. ఈ మూడు పేర్లను ఒక నిలువు వరుసలోను, ఎదురుగా ఏవైనా అంకెలను మరొక నిలువు వరుసలోను రాయాలి. ఎంత సులభమైన పని!

కృష్ణ అనే మాటకు పొడవు ఎంత? చదివేవారికి రెండు అక్షరాలు. యూనికోడ్‌లో అది ఐదు సంకేతాలు: క, వట్రసుడి, ష, పొల్లు, ణ. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతానికి 3 బైట్ల చొప్పున 15 బైట్లు. గోదావరికి నాలుగు అక్షరాలు, 7 సంకేతాలు, 21 బైట్లు. అన్నపూర్ణకు కూడ నాలుగే అక్షరాలు. కాని 9 సంకేతాలు, 27 బైట్లు. పేరు పొడవు చెప్పమంటే బాష్ భాషా అమరికను బట్టి ఒకసారి 5 అని, మరొకసారి 15 అని అంటుంది. రెండు అని ఎన్నడూ అనదు.

పేర్లకు 12 గళ్ళు కేటాయించి, మిగిలినచోట ఖాళీలు నింపమని ప్రింట్‌ఎఫ్‌కు చెప్పడం సాధారణ పద్ధతి. ఇంగ్లీషు పేర్లతో ఇది చక్కగా కుదురుతుంది. చాల షెల్లలో ప్రింట్‌ఎఫ్ లెక్కించేది బైట్లను. మూడు తెలుగు పేర్లూ 12 బైట్లు దాటినవే గనుక అది ఒక్క ఖాళీని కూడ చేర్చదు. అంకెలు మెట్లమెట్లుగా పడతాయి.

బైట్లకు బదులు సంకేతాలను లెక్కించినా బాగుపడదు. టెర్మినలు ప్రతి సంకేతానికి ఎన్ని గళ్ళు ఇవ్వాలో యూనికోడ్ పట్టికను చూసి నిర్ణయిస్తుంది. ఆ పట్టికలో తెలుగు దీర్ఘం, గుడి, ఏత్వం, పొల్లు మొదలైనవి చోటు ఆక్రమించని గుర్తులు. కొమ్ము, వట్రసుడి చోటు ఆక్రమించే గుర్తులు. గుడి అక్షరం నెత్తిమీద కూర్చుంటుంది, కొమ్ము పక్కకు సాగుతుంది గనుక ఇట్లా విభజించారు. చూపునకు ఇది న్యాయమే. కాని ఒత్తు అక్షరం కిందికి పోతుందని, దానికి వేరే గడి అక్కరలేదని టెర్మినలుకు తెలియదు. 'ష్ణ' రెండు గళ్ళు పడుతుంది. ఒక టెర్మినలులో ణత్తు తన స్థానంలో దిగుతుంది, మరొకదానిలో పొల్లుతో విడిగా నిలుస్తుంది. కిటికీలు లేని లినక్స్ మూల కన్సోలులోనైతే మొత్తంమీద 512కు మించి అక్షరరూపాలు ఉండవు, గుణింతాన్ని కూర్చే శక్తి అసలే లేదు. అక్కడ తెలుగు చతురస్రాలుగానో, ప్రశ్నార్థకాలుగానో మిగిలిపోతుంది.

కొలవలేనిదానిని కొలవకుండ తప్పుకోవడమే దీనికి ఉపాయం. ఖాళీలు నింపి రెండవ నిలువు వరుసకు చేరాలని చూడరాదు. పేరు రాసిన తరువాత, అది ఎన్ని గళ్ళు తిన్నదని అడగకుండ, కర్సరును నేరుగా ఆ పంక్తిలో 30వ గడికి పంపి అంకె రాయాలి. పేరుకు, అంకెకు మధ్య ఉదారంగా ఖాళీ విడవాలి. కుడి అంచున చట్రపు గీత కావాలంటే పంక్తిలోని మాటలన్నీ ముగిసిన తరువాత దానిని కూడ అట్లాగే గడి సంఖ్య చెప్పి గీయాలి. ఇంకొక తేలిక మార్గం ఉన్నది. అంకెలను ఎడమవైపు, తెలుగు పేర్లను పంక్తి చివర ఉంచితే వాటి పొడవు ఎంతైనా ఎవరినీ తోసివేయవు. పోటుల తెరలో కూడ గంటలు, నిమిషాలు ముందు రాసి, 'రాత్రి పోటు', 'మరునాటి ఉదయపు పోటు' అనే మాటలు కుడి చివర పెడితే పట్టిక ఏ టెర్మినలులోనైనా నిటారుగా నిలుస్తుంది.